ప్రార్థన చేశాం సరే, దరఖాస్తు పెట్టామా?



ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మన సంఘంలో ఈ ఏడాది ఏడుగురు బిడ్డలు పాసయ్యారు. దేవునికి స్తోత్రం. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఏడుగురినీ ముందుకు పిలిచి, తలల మీద చేతులుంచి ప్రార్థన చేశాం. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు. మూడేళ్ల కిందట కూడా ఇలాగే ఒక బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఆ సంగతి ఇంతవరకు ప్రసంగంలో ఎప్పుడూ చెప్పలేదు. ఈరోజు రాస్తున్నాను. ఆ తల్లిదండ్రులను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు.

ఆ అమ్మాయి తండ్రిది తాపీ పని. తల్లి మిరపకోతలకు వెళ్తుంది. అమ్మాయికి ఇంటర్లో మంచి మార్కులొచ్చాయి. డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చేసి టీచరమ్మ కావాలని ఆశ. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "ఫీజులకు ఎట్లా అయ్యగారూ?" అని తండ్రి అడిగాడు. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "పిచ్చుకలను పోషించే దేవుడు నీ బిడ్డను చదివించలేడా బ్రదర్? విశ్వాసం ఉంచు, ఆయనే మార్గం తెరుస్తాడు" అన్నాను. మోకరించి అరగంట ప్రార్థన చేశాను. తల్లి ఏడ్చింది. వాళ్లిచ్చిన టీ తాగి ఇంటికి వచ్చేశాను.

చేసిన ప్రార్థనలో తప్పు లేదు. అడగాల్సిన నాలుగు మాటలు అడగకపోవడం తప్పు. ఆన్‌లైన్లో కాలేజీలు పెట్టుకున్నారా? ఆదాయ ధ్రువపత్రం తీయించారా? సీటు కన్వీనర్ కోటాలో వస్తోందా, మేనేజ్‌మెంట్ కోటాలోనా? ఆఖరి తేదీ ఎప్పుడు? వీటిలో ఒక్కటీ నేను అడగలేదు. తర్వాతి వారం ఒక కాలేజీ తరఫు మనిషి వాళ్లింటికి వచ్చాడు. "ముందు చేర్చండి, స్కాలర్‌షిప్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. దేవుడు తెరిచిన మార్గం ఇదేనని వాళ్లు అనుకున్నారు. చేర్చింది మేనేజ్‌మెంట్ కోటాలో. ఆ కోటాలో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని క్రిస్మస్ ముందు తెలిసింది. అప్పటికి చేసేదేమీ లేదు.

నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చారు. లెక్క వేయండి. నెలకు 1,500. ఏడాదికి 18,000. మూడేళ్లకు వడ్డీయే 54,000 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆ అమ్మాయి రెండో ఏడాది మధ్యలో చదువు ఆపేసింది. ఇప్పుడు టౌన్లో బట్టల షాపులో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడి పని చేస్తోంది. జీతంలో సగం వడ్డీకి పోతోంది.

ఇదంతా తెలిశాక ఆ తండ్రిని అడిగాను, "సచివాలయానికి వెళ్లి ఒక్కసారి కనుక్కోకపోయారా బ్రదర్?" అని. ఆయన నెమ్మదిగా అన్నాడు: "మీరు ప్రార్థన చేశారు గదా అయ్యగారూ. మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగి అడుక్కుంటే దేవుడి మీద నమ్మకం లేనట్టు అవుద్దేమో అనుకున్నా." కోపంతో అన్నా బాగుండేది. ఆయన కోపంతో అనలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఇంటర్ చదివింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. కూలి చేసుకునే మా నాన్న నా చేత స్కాలర్‌షిప్ ఫారం నింపించి, ఎమ్మార్వో ఆఫీసు ముందు నాతోపాటు ఎండలో నిలబడ్డాడు. ఆ తర్వాత సెమినరీలో డిప్లొమా చదువుకూ ఫీజు కట్టే స్తోమత లేక అర్జీ రాశాను. ముఖం కూడా చూడని ఎవరో విశ్వాసి ఆ డబ్బు కట్టారు. అంటే ఈ రోజు మీ ముందు వాక్యం చెబుతున్న మనిషి రెండు దరఖాస్తుల మీద పైకి వచ్చినవాడు. అలాంటి నేను ఇంకొకరి బిడ్డ దగ్గరకు వచ్చేసరికి దరఖాస్తు అనే మాటే ఎత్తలేదు. "దేవుడు చూసుకుంటాడు" అని చెప్పడం సులభం. ఫారం పట్టుకుని పక్కన కూర్చోవడం కష్టం. సులభమైన పనికి విశ్వాసం అని పేరు పెట్టాను.

నెహెమ్యా గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు ఈ వారం ఇంట్లో కూర్చుని చదవండి. యెరూషలేము గోడలు కూలిపోయాయని నెహెమ్యాకు కబురు వచ్చింది కిస్లేవు మాసంలో. ఆయన ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు ఎదుట ఆ మాట ఎత్తింది నీసాను మాసంలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ప్రార్థన ఒక్కటే చేశాడా? రాజు "నీకేం కావాలి?" అని అడిగినప్పుడు ఆయన చెప్పిన జవాబు చూడండి. తలవంచుకుని "మీ దయ ప్రభూ" అని ఊరుకోలేదు. ఎన్నాళ్లు సెలవు కావాలో చెప్పాడు. నది అవతలి అధికారులు దారి ఇవ్వడానికి ఉత్తరాలు కావాలన్నాడు. గుమ్మాలకు, గోడకు, తానుండే ఇంటికి మ్రానులు కావాలన్నాడు. అడవిని కాసే అధికారి పేరు ఆసాపు అని కూడా ఆయనకు తెలుసు. ఏ ఆఫీసులో ఎవరిని ఏ కాగితం అడగాలో ముందే కనుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

ఇంకొక సంగతి గమనించండి. రాజు అడిగిన తర్వాత, జవాబు చెప్పే ముందు కూడా నెహెమ్యా ప్రార్థించాడు. ప్రార్థించి, ఆ వెంటనే అడిగాడు. అన్నీ దొరికాక, రాజు మంచివాడు కాబట్టి ఇచ్చాడని రాయలేదు. తన దేవుని హస్తం తనకు తోడుగా ఉంది కాబట్టి ఇచ్చాడని రాశాడు. అన్యుడైన రాజు ఖజానా నుంచి వచ్చిన సహాయంలో దేవుని చెయ్యి చూశాడు. మన బిడ్డకు స్కాలర్‌షిప్ మంజూరైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడు మనం చెప్పాల్సిన సాక్ష్యం కూడా ఇదే.

ఇది చెప్పినప్పుడు మన సంఘ పెద్ద ఒకరు ఎజ్రా సంగతి ఎత్తారు. మంచి ప్రశ్నే. ఎజ్రా రాజును సైనికుల్ని అడగడానికి సిగ్గుపడ్డాడు. దేవుడు కాపాడతాడని రాజుతో చెప్పి, మళ్లీ కావలి ఎలా అడగాలని ఉపవాసం ప్రకటించాడు. ఇది ఎనిమిదో అధ్యాయంలో ఉంది. కానీ ఏడో అధ్యాయం కూడా చదవాలి కదా. అదే ప్రయాణంలో అదే ఎజ్రా చేతిలో రాజు ఇచ్చిన ఉత్తరం ఉంది. రాజు ఇచ్చిన వెండి బంగారాలు ఉన్నాయి. ఎజ్రా ఏమి అడిగితే అది ఇవ్వమని ఖజానా అధికారులకు రాజు ఆజ్ఞ ఉంది. ఎజ్రా విశ్వాసం రాజు సహాయాన్ని తిరగగొట్టలేదు.

కొందరికి అడ్డం వచ్చేది సిగ్గు. "పిల్ల చదువుకు గవర్నమెంటోళ్లను అడుక్కోవాలా?" అంటారు. మీరు కొనే సబ్బు మీద, ఫోన్ రీఛార్జ్ మీద, ఇంటికి తెచ్చే సిమెంటు బస్తా మీద పన్ను కడుతున్నారు. కూలి మనిషీ కడతాడు, కోటీశ్వరుడూ కడతాడు. ఆ డబ్బులోంచే ఈ పథకాలు నడుస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. దానివల్ల మన చుట్టుపక్కల ఊళ్లలో ఇంజనీర్లూ టీచర్లూ అయినవాళ్లు ఎందరో మీకే తెలుసు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. డబ్బు ఒకసారి తల్లి ఖాతాలో పడుతుంది, ఒకసారి నేరుగా కాలేజీకి వెళ్తుంది. పేరు ఏదైనా అడిగే హక్కు మీ బిడ్డకు ఉంది. వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడటానికి లేని సిగ్గు సచివాలయం కిటికీ ముందు ఎందుకు?

రాజులు రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, అంటే నాలాంటి సేవకుడు. అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. మూడు రూపాయల వడ్డీ ఈ రోజుల్లో చేసేదీ అదే. బిడ్డ వయసును తీసుకుపోతుంది. ఎలీషా ఆమెతో ఏం చెప్పాడు? ఇరుగు పొరుగు వాళ్లందరి దగ్గరా ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. అవి కూడా ఎక్కువే తెచ్చుకోమన్నాడు. పాత్రలు ఉన్నంతసేపు నూనె వచ్చింది. అవి అయిపోగానే ఆగింది. అద్భుతం దేవుడిదే. ఇళ్లిళ్లూ తిరిగి అడిగింది మాత్రం ఆమె.

కాబట్టి ఒక్క పాత్రతో ఆగకండి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్లు దానికోసమే. ఇంటర్ బోర్డులో పై వరుసలో నిలిచిన పిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకపోతే, కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తుంది. డిగ్రీలో ఏడాదికి 12,000. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ లాంటి సాంకేతిక చదువుల్లో చేరిన ఆడపిల్లలకు ప్రగతి అనే స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. కొన్ని పథకాల్లో ఒకటి తీసుకుంటే రెండోది ఇవ్వరు. నియమాలు చదివి ఏది మేలో చూసుకోవాలి. ఇవేవీ సరిపోకపోతే బ్యాంకు విద్యా రుణం అడగండి. నాలుగు లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదని నిబంధన. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. వడ్డీ మన ఊరి మూడు రూపాయల వడ్డీలో మూడో వంతు దగ్గర ఉంటుంది. రుణం రుణమే, తీర్చాలి. కానీ అప్పు తప్పనప్పుడు ఏ అప్పో ఎంచుకోవచ్చు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. అడిగేటప్పుడు నిజం చెప్పి అడగాలి. నెహెమ్యా తనకు ఎంత కావాలో అంతే చెప్పాడు. ఉన్న ఆదాయం దాచి, ఎవరికో రెండు వేలు ఇచ్చి తక్కువ ఆదాయం రాయించుకుంటే, నిజంగా లేని ఇంటి బిడ్డకు రావాల్సినది మనం తీసుకున్నట్టే. ఆ పాపం మీద దీవెన అడగలేం.

ఇక కులం గడి. దీని గురించి పాస్టర్లం సాధారణంగా నోరు విప్పం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని, వారి సంతానాన్ని మన రాష్ట్రంలో బీసీ-సి గా గుర్తిస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు మన పేట ఊరి నడుమకు జరగలేదు. కూలి పెరగలేదు. కాబట్టి ఈ నియమం న్యాయమైనది కాదని నా అభిప్రాయం, దాన్ని దాచుకోను. అది మారాలని ప్రార్థిస్తున్నాను, అడుగుతూనే ఉంటాను. కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎస్సీలకు మాత్రమే కాదు, ఆదాయ పరిమితి లోపు ఉన్న బీసీలకూ ఉంది. కాలేజీ ఫీజు కోసం ఎవరూ క్రీస్తును దాచాల్సిన పని లేదు. ఒక్కో ఇంట్లో ఎవరు బాప్తిస్మం తీసుకున్నారు, రికార్డుల్లో ఏముంది అన్నది వేరువేరుగా ఉంటుంది. నేను ఎవరినీ వేలెత్తి చూపను. అనుమానం ఉంటే నా దగ్గరకు రండి, కలిసి తహశీల్దార్ ఆఫీసుకు వెళ్లి అడుగుదాం. తెలిసి తెలిసి అబద్ధం రాసి, అది మంజూరు కావాలని మాత్రం నన్ను ప్రార్థించమనకండి.

పేర్ల సంగతిలో తప్పు మా పాస్టర్లది కూడా. బడిలో ఒక పేరు, బాప్తిస్మం నాడు మేం పెట్టిన పేరు ఒకటి. ఆ కొత్త పేరు ఆధార్‌లోకి ఎక్కింది, టెన్త్ మెమోలో పాతదే ఉంది. కంప్యూటర్ దృష్టిలో వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. బిడ్డ తొమ్మిదిలో ఉండగానే ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. దేవుని గ్రంథంలో బిడ్డ పేరు ఎలా ఉన్నా ఆయన గుర్తుపడతాడు. వెబ్‌సైట్ గుర్తుపట్టదు.

దరఖాస్తు పెట్టిన వెంటనే అంతా సాఫీగా జరుగుతుందని నేను మాట ఇవ్వడం లేదు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యం కావడం, ఈలోగా కాలేజీవాళ్లు పిల్లల్ని నిలబెట్టి ఫీజు అడగడం మనం చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు లూకా 18లోని విధవరాలిని గుర్తుచేసుకోండి. న్యాయాధిపతి చెడ్డవాడైనా ఆమె తిరగడం మానలేదు. ఆ ఉపమానం యేసుప్రభువు చెప్పింది విసుగక ప్రార్థించడం గురించి. కానీ అందులోని స్త్రీ విసుగక ఆఫీసుకు తిరిగిన స్త్రీ అని మరిచిపోవద్దు. బిడ్డలకూ ఒక మాట. హాజరు 75 శాతం తగ్గితే ఫీజు ఆగిపోతుంది. అమ్మ మిరపచేలో వంగి కోస్తుంటే మీరు క్లాసు ఎగ్గొట్టి సెల్‌ఫోన్ చూస్తే, అది చదువుకే కాదు, అమ్మకూ ద్రోహమే.

చివరగా సంఘానికి నా మనవి. క్రిస్మస్‌కు స్టార్లకు, సీరియల్ లైట్లకు, సౌండ్ బాక్సులకు మనం పెట్టే ఖర్చు మీకు తెలుసు. పండుగ వద్దనడం లేదు. అందులో కొంత తగ్గించి ఒక పెట్టెలో వేద్దాం. జిరాక్సులకు, మండలానికి బస్సు చార్జీలకు, ఆన్‌లైన్ ఫీజులకు ఆ డబ్బు. తల్లిదండ్రులు ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే ఆ కూలి కూడా అందులోంచే ఇద్దాం. డిగ్రీ చదువుతున్న మన యవ్వనస్థులు ఇద్దరు ల్యాప్‌టాప్ తెస్తామన్నారు. వచ్చే ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక మందిరం వెనక రేకుల షెడ్డులో బల్ల వేసి కూర్చుంటాం. పాస్టరమ్మగారు టీ పెడతారు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉంటాను.

ఆ ఏడుగురు బిడ్డలూ, వాళ్ల తల్లిదండ్రులూ వచ్చేటప్పుడు ఇవి తీసుకురండి: ఆధార్, రేషన్ కార్డు, టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, బిడ్డదీ తల్లిదీ ఆధార్ లింకైన బ్యాంకు పాస్‌బుక్‌లు, ఫొటోలు. ఏదైనా లేకపోతే లేదని చెప్పడానికైనా రండి. ఎవరైనా ఇంటికి వచ్చి "ముందు చేర్చండి, తర్వాత చూద్దాం" అంటే, సంతకం పెట్టే ముందు నాకు ఒక్క ఫోన్ చేయండి. ఏ కోటా అని అడగండి. కాగితం మీద రాసిమ్మనండి.

బట్టల షాపులో పని చేస్తున్న ఆ బిడ్డతో పోయిన వారం మాట్లాడాను. తప్పు నాదని ఒప్పుకున్నాను. దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టడానికి ఆమె సరేనంది. పాత కాలేజీలో ఆగిపోయిన టీసీ కోసం ఆమె తండ్రితోపాటు నేనూ వెళ్తున్నాను. ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో తెలియదు. ఈసారి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక, జేబులోంచి పెన్ను తీశాను.

మీరు కూడా ఆమె కోసం, మన ఏడుగురు బిడ్డల కోసం ప్రార్థించండి. ప్రార్థించి లేచాక ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ పెట్టారో వెతకండి.

ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.